రెండున్నర లక్షల కిలోమీటర్లకు చేరువైన డిజైర్‌కు సస్పెన్షన్ పని: ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని కారు 2014 నాటి మారుతి సుజుకి స్విఫ్ట్ డిజైర్ వీడీఐ. 1,248 సీసీ డీజిల్ ఇంజిన్, 165/80 ఆర్14 టైర్లు, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే నిలువు కాలుగా ఉండే అమరిక), వెనుక కాయిల్ స్ప్రింగులతో టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే దూలం), స్టీరింగ్ కాలమ్ మీద ఎలక్ట్రిక్ మోటారు ఉన్న బండి. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చేనాటికి మీటరు 2,41,000 కిలోమీటర్లు దాటింది. యజమాని రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తారు. కారు వారంలో సగం రోజులు కైకలూరు, ఆకివీడు, భీమవరం పరిసరాల్లో చెరువు గట్ల మీద తిరుగుతుంది, మిగతా రోజులు 16, 65 నంబరు జాతీయ రహదారుల మీద ఉంటుంది. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, ఒకే దూరం తిరిగిన రెండు కార్లలో సస్పెన్షన్ ఒకేలా అరగదు. హైవే మీదే రెండు లక్షలు తిరిగిన కారు కింద రబ్బర్లు పగుళ్లు లేకుండా ఉండడం చూశాను. గట్ల మీద, చేపల లారీల నుంచి కారే ఉప్పునీళ్లలో తిరిగిన కారు కింద రబ్బర్లు అందులో సగం దూరానికే ఊడి చేతికి వస్తాయి.

ఫిర్యాదులు మూడు. గతుకుల రోడ్డు మీద ఎడమ ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం వస్తోంది. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగుతోంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు మాత్రమే అరిగి, తీగలు బయటపడే దశకు చేరింది. వీటితో పాటు, వెనుక సీట్లో ముగ్గురు కూర్చుని డిక్కీలో సామాను ఉంటే స్పీడ్ బ్రేకర్ దాటాక కారు వెనుక భాగం రెండు మూడుసార్లు ఊగి గానీ ఆగడం లేదని, ఇది పెద్ద విషయం కాదన్నట్టుగా, చివర్లో చెప్పారు. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. తడి రోడ్డు మీద వెనుక చక్రాలు నేలను వదిలే ప్రమాదానికి అది మొదటి గుర్తు.

అంతకుముందు ఏడాదిన్నర కాలంలో వేరేచోట ఈ కారుకు చాలా పనే జరిగింది. ఎడమ ముందు స్ట్రట్ ఒక్కటే మార్చారు. చక్రం అడుగు భాగాన్ని బాడీకి కలిపే రెండు లోయర్ ఆర్మ్‌లలోనూ బుష్‌లు, అంటే కీళ్ల దగ్గరి రబ్బర్లు, కొత్తవి ఎక్కించారు. మలుపుల్లో కారు ఒరుగుదలను తగ్గించే స్టెబిలైజర్ బార్ లింక్ రాడ్లు ఒకసారి కాదు, రెండుసార్లు మార్చారు. ఎడమకు లాగుతోందంటే ముందు బ్రేకు ప్యాడ్లు మార్చి, క్యాలిపర్ పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. టైరు అరుగుతోందన్న ప్రతిసారీ అలైన్‌మెంట్ చేయించారు. బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి నా ముందుంచి, "అన్నీ మార్పించాం కదండీ, ఇంకేం మిగిలిందో మీరే చూసి చెప్పండి" అన్నారాయన. ఆ కవరు ఈ కేసులో నాకు చాలా ఉపయోగపడింది. ఏది ఎప్పుడు మార్చారో తెలియకపోతే, అరిగిన భాగం వయసు వల్ల అరిగిందా, వేరే కారణంతో అకాలంగా అరిగిందా అన్నది తేల్చలేం. ఈ రెంటికీ చికిత్స వేరు.

రోడ్డు మీద

శబ్దం వెతకడం లిఫ్ట్ మీద మొదలుపెట్టకూడదు. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుంటాయి, బరువు ఉండదు, వదులైన కీలు కూడా స్ప్రింగు ఒత్తిడికి బిగువుగా కనిపిస్తుంది. అందుకే యజమానినే నడపమని, నేను పక్క సీట్లో కూర్చున్నాను. తాను రోజూ వినే శబ్దం ఎక్కడ, ఎంత వేగంలో వస్తుందో ఆయనకే బాగా తెలుసు. ఆటోనగర్ లోపలి రోడ్లు ఈ పరీక్షకు సరిగ్గా సరిపోతాయి.

వరుసగా చిన్న చిన్న గతుకులు వచ్చినప్పుడు పొడిగా, వేగంగా కొట్టుకునే శబ్దం సాధారణంగా లింక్ రాడ్ నుంచి గానీ, బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే గుండ్రని కీలు) నుంచి గానీ, స్ట్రట్ పైన ఉండే మౌంటింగ్ నుంచి గానీ వస్తుంది. బ్రేకు తొక్కగానే ఒకటి, వదలగానే ఒకటి లోతుగా 'దుబ్'మని వస్తే లోయర్ ఆర్మ్ వెనుక బుష్‌ను అనుమానించాలి. నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగు మెలిపడి విడిచినట్టు మోగితే స్ట్రట్ బేరింగ్ బిగుసుకుపోయిందని అర్థం. ఈ కారులో మూడు రకాలూ వినిపించాయి. యజమాని చెప్పింది మొదటిదే. మిగతా రెండూ నెమ్మదిగా పెరిగాయి కాబట్టి ఆయన చెవి వాటికి అలవాటు పడిపోయింది.

లింక్ రాడ్లు అప్పటికే రెండుసార్లు మారాయి గనుక వాటి సంగతి ముందుగా తేల్చాను. రెండు వైపులా లింకులు విప్పి, స్టెబిలైజర్ బార్‌ను పక్కకు కట్టేసి, షెడ్డు ముందు రోడ్డులోనే నెమ్మదిగా నడిపి చూస్తే శబ్దం ఏమాత్రం తగ్గలేదు. అంటే లింకులకూ ఈ శబ్దానికీ సంబంధం లేదు. విప్పి చూడడానికి అరగంట కూడా పట్టని ఈ పరీక్ష ముందే చేసి ఉంటే ఆ రెండు జతల ఖర్చు మిగిలేది. లింకులు లేకుండా కారు మలుపుల్లో మామూలు కంటే ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి ఈ పరీక్ష ఖాళీ రోడ్డు మీద, నడక వేగంతోనే చేయాలి.

తిరిగి వచ్చాక వెంటనే నాలుగు డ్యాంపర్లనూ, అంటే షాక్ అబ్జార్బర్లనూ, చేత్తో తాకి చూశాను. షాక్ అబ్జార్బర్ చేసే పనల్లా స్ప్రింగు కదలికను నూనె గుండా నడిపి వేడిగా మార్చడమే. గతుకుల్లో తిరిగి వచ్చిన కారుకు పనిచేసే షాక్ అబ్జార్బర్ గోరువెచ్చగా ఉంటుంది. ఈ కారులో వెనుక కుడిది వెచ్చగా ఉంది, వెనుక ఎడమది చల్లగా ఉంది. వెనుక ఎడమ టైరు మీద అరచేతితో రాస్తే ఎత్తుపల్లాలు తగిలాయి. చక్రం నేల మీద నిలకడగా నిలవక ఎగిరెగిరి పడుతూ రబ్బరును ముక్కలుగా అరగదీసిన గుర్తులవి. కారు మూల మీద చేతులు పెట్టి నొక్కి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పాత పద్ధతి పూర్తిగా చచ్చిన షాక్ అబ్జార్బర్‌ను మాత్రమే పట్టిస్తుంది. సగం అరిగినదాన్ని బుష్‌ల బిగువు దాచేస్తుంది. అందుకే ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని షెడ్డులో కుర్రాళ్లకు చెబుతుంటాను.

లిఫ్ట్ మీద, లిఫ్ట్ కింద

చక్రాలు నేల మీద ఉండగానే బానెట్ తెరిచి, స్ట్రట్ మౌంటింగ్ నట్టు చుట్టూ వేళ్లు పెట్టి, లోపల మనిషిని స్టీరింగ్ కొద్ది కొద్దిగా అటూ ఇటూ తిప్పమన్నాను. కుడి వైపు మౌంటింగ్ కదలకుండా ఉంది. ఎడమది స్టీరింగుతో పాటు కొంత మెలిపడి, ఆపైన ఒక్కసారిగా జారుతోంది. బేరింగ్ తుప్పు పట్టింది. మౌంటింగ్ రబ్బరు మధ్య కప్పు నుంచి ఊడి, ఒక పక్క నల్లని పొడి రాలుతోంది. యజమాని చెప్పిన టకటక శబ్దంలో ఎక్కువ వాటా దీనిదే. బిల్లుల ప్రకారం ఆ స్ట్రట్‌ను అంతకుముందు విప్పి మార్చారు గానీ మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాప్ (కదలిక చివర దెబ్బను ఆపే రబ్బరు) పాతవే పెట్టారు. స్ట్రట్ విప్పినప్పుడు వీటిని మార్చడానికి అదనపు కూలీ అంటూ ఉండదు. తర్వాత మార్చాలంటే పని మొత్తం మళ్లీ చేయాలి.

కారును పైకి లేపి ఎడమ స్ట్రట్ దుమ్ము తొడుగు కిందికి లాగితే ఇంకో సంగతి బయటపడింది. మెరుస్తూ నున్నగా ఉండాల్సిన పిస్టన్ రాడ్ మీద, పై అంచుకు జానెడు కింద, కటింగ్ ప్లేయర్ పళ్ల గాట్లు వరుసగా ఉన్నాయి. పైన నట్టు బిగించేటప్పుడు రాడ్ తిరగకుండా ఎవరో ప్లేయరుతో పట్టుకున్నారు. ఆ గాట్లు పైకీ కిందికీ వెళ్లిన ప్రతిసారీ నూనె సీలును కోస్తూ వచ్చాయి. స్ట్రట్ ఒళ్లంతా నూనె, దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. కొత్త స్ట్రట్ పట్టుమని రెండేళ్లు కూడా నిలవకపోవడానికి కారణం భాగంలో లేదు, బిగించిన తీరులో ఉంది.

బాల్ జాయింట్ చూడడానికి చక్రం గాల్లో ఉండాలి. మెక్‌ఫర్సన్ అమరికలో కారు బరువు స్ట్రట్ గుండా బాడీకి చేరుతుంది, కింది బాల్ జాయింట్ బరువు మోయదు, చక్రం అడుగు భాగాన్ని దాని చోట పట్టి ఉంచుతుంది. ఆర్మ్‌కూ నకిల్‌కూ (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మె) మధ్య టామీ రాడ్ (పొడవాటి ఇనుప కడ్డీ) పెట్టి ఎత్తితే ఎడమ జాయింట్‌లో కంటికి కనిపించేంత ఆట, అంటే వదులు, ఉంది, రబ్బరు బూటు చిరిగి గ్రీజు స్థానంలో తడి మట్టి చేరింది. కుడి జాయింట్‌లో ఆట లేదు గానీ బూటు పగుళ్లిచ్చింది. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, రాక్ ఎండ్లు, ముందు వీల్ బేరింగులు బాగున్నాయి.

ఇక ఈ కేసుకు గుండెకాయ లాంటి విషయం లోయర్ ఆర్మ్ బుష్‌లు. బిల్లు ప్రకారం ఏడాదిన్నర కూడా నిండని రబ్బరు రెండు వైపులా ముందు బుష్‌లో అర్ధచంద్రాకారంలో చీలి ఉంది. ఎడమ వైపు వెనుక బుష్ సగం ఊడి, టామీ రాడ్ పెట్టి నెడితే ఆర్మ్ మొత్తం వెనక్కి జరుగుతోంది. వయసు వల్ల పాడైన రబ్బరు పైపైన అంతటా సన్నగా పగులుతుంది, గట్టిపడుతుంది, గోరుతో గీస్తే పొడి రాలుతుంది. ఇక్కడ అలా లేదు. రబ్బరు ఇంకా మెత్తగా, నల్లగా ఉంది, చీలిక మాత్రం ఒకే దిశలో లోతుగా ఉంది. ఇది మెలిపడి చినిగిన రబ్బరు.

అనుమానం తీర్చుకోవడానికి కారును మళ్లీ నేల మీదికి దించి, నాలుగు చక్రాల మీద బరువు పడేలా ర్యాంపు ఎక్కించి, కుడి ఆర్మ్ ముందు బోల్టు వదులు చేశాను. నట్టు పట్టు విడిచిన క్షణంలో లోపలి ఇనుప గొట్టం 'టక్'మని తనంతట తాను తిరిగి ఆగింది. ముందుగా గొట్టం మీదా బ్రాకెట్ మీదా కలిపి గీసిన సుద్ద గీత రెండుగా విడిపోయి కనిపించింది. బుష్‌ను చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీన్ని కొంచెం వివరించాలి, ఎందుకంటే చాలా షెడ్లలో ఇప్పటికీ ఇలాగే జరుగుతోంది. ఈ బుష్ బేరింగు లాంటిది కాదు. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, రెంటికీ మధ్య వేడితో అతికించిన రబ్బరు. బోల్టు పూర్తిగా బిగించాక లోపలి గొట్టం బ్రాకెట్ చెంపల మధ్య నొక్కుకుపోయి కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినంత మేరా రబ్బరే మెలిపడి మళ్లీ యథాస్థితికి రావాలి. కారు తన మామూలు ఎత్తులో నిలబడినప్పుడు ఆ రబ్బరులో మెలిక సున్నా ఉండాలని, అక్కడి నుంచి గతుకుకు పైకి కొంత, గుంతకు కిందికి కొంత మెలిపడాలని దాన్ని తయారుచేసినవారి ఉద్దేశం. ఆర్మ్ పూర్తిగా కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టు బిగిస్తే సున్నా అక్కడ పడుతుంది. కారు నేల మీదికి దిగీ దిగగానే రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలిపడి, ఇంట్లో నిలబెట్టి ఉంచిన రాత్రంతా అలాగే ఉంటుంది. ఆపై స్పీడ్ బ్రేకర్ వస్తే మెలిక తట్టుకునే హద్దు దాటుతుంది. ఇలా బిగించిన కారు మొదట్లో కాస్త ఎత్తుగా, బిగువుగా అనిపించి యజమానికి నచ్చుతుంది కూడా. ఆ బిగువు రబ్బరు పడుతున్న యాతన వల్ల వచ్చిందే తప్ప కొత్తదనం కాదు.

బ్రేకు తొక్కితే ఎడమకు లాగడం, టైరు లోపలి అంచు అరగడం కూడా ఇక్కడి నుంచే అర్థమవుతాయి. మెక్‌ఫర్సన్ అమరికలో నిలబడిన కారు బరువుకు చక్రం అడుగు భాగం బయటికి పోవాలని చూస్తుంది, దాన్ని లోపలికి లాగి పట్టేది లోయర్ ఆర్మ్. బుష్, బాల్ జాయింట్ రెండూ వదులైతే అడుగు బయటికి జరిగి, చక్రం పై భాగం లోపలికి ఒరుగుతుంది. అంటే నెగెటివ్ క్యాంబర్ పెరిగి లోపలి అంచు మీద బరువు పడుతుంది. బ్రేకు తొక్కినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకుపోకుండా ఆపేది వెనుక బుష్. అది ఊడితే ఎడమ చక్రం మాత్రమే వెనక్కి జరిగి, ఆ వైపు కాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. కాస్టర్ తక్కువున్న వైపుకే కారు మొగ్గుతుంది. బ్రేకు వదలగానే చక్రం తన చోటికి వస్తుంది కాబట్టి, నిలబెట్టి కొలిచే అలైన్‌మెంట్ యంత్రానికి ఈ కదలిక కనబడదు. ప్యాడ్లు మార్చినా, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కొలత) ఎన్నిసార్లు సరిచేసినా ఫలితం లేకపోవడం అందుకే. పని మొదలుపెట్టే ముందు నేను తీయించిన కొలతల్లో టో హద్దుల్లోనే ఉంది. ఎడమ క్యాంబర్ మాత్రం మైనస్ 1 డిగ్రీ 25 నిమిషాలు, కుడిది మైనస్ 35 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). ఈ కారుకు ముందు చక్రాల్లో సరిచేసుకునే వీలున్నది టో ఒక్కటే, క్యాంబర్‌కు సర్దుబాటు లేదు. కాబట్టి రెండు వైపుల మధ్య దాదాపు డిగ్రీ తేడా వచ్చిందంటే ఏదో భాగం అరిగి ఉండాలి, లేదా వంగి ఉండాలి. "క్యాంబర్ అవుట్ ఉంది, టో సర్దేశాం" అని చెప్పి పంపించే అలైన్‌మెంట్ కేంద్రం అసలు సమస్యను ముట్టుకోలేదన్నమాట.

ఏం మార్చాలి, ఏం ఉంచాలి

ఎక్కువ తిరిగిన కారుకు రెండు తప్పుడు దారులు కనిపిస్తాయి. శబ్దం వచ్చిన ముక్క ఒక్కటే మార్చుకుంటూ పోవడం ఒకటి, కిందున్నదంతా ఊడదీసి కొత్తది వేయడం ఇంకొకటి. మొదటిదాంట్లో పాత భాగాల మధ్య ఉన్న కొత్త భాగం వాటి ఆటకు త్వరగా అరుగుతుంది. రెండోదాంట్లో ఇంకా యాభై వేల కిలోమీటర్లు నిలిచే కంపెనీ భాగాన్ని తీసేసి, నాణ్యత తెలియని భాగాన్ని పెట్టే అవకాశం ఉంది. నేను పాటించే పద్ధతి ఇరుసు ప్రకారం చూడడం. డ్యాంపర్లు, స్ట్రట్ మౌంటింగులు, ఆర్మ్‌లు ఎప్పుడూ కుడి ఎడమలు జతగా మారాలి, ముందు వెనుకలు మాత్రం వేటికవే తేలాలి.

దాని ప్రకారం ముందు రెండు స్ట్రట్లు, మౌంటింగులు, బేరింగులు, బంప్ స్టాప్‌లు, దుమ్ము తొడుగులు, రెండు లోయర్ ఆర్మ్‌లు, స్టెబిలైజర్ బార్ రబ్బర్లు, వెనుక రెండు షాక్ అబ్జార్బర్లు వాటి బంప్ స్టాప్‌లతో సహా మార్చాలని నిర్ణయించాను. లింక్ రాడ్లు, టై రాడ్ ఎండ్లు, నాలుగు స్ప్రింగులు, వెనుక బీమ్ బుష్‌లు ఉంచేశాం. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు కొలిస్తే ముందు ఎడమ వైపు కుడి కంటే 6 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. దాన్ని చూసి స్ప్రింగు కుంగిందనుకోవడం తేలిక. స్ప్రింగులు బయటికి తీసి పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకే ఎత్తు ఉన్నాయి. కుంగింది నలిగిపోయిన మౌంటింగ్ రబ్బరు. వెనుక బీమ్ బుష్‌ల మీద సన్నని పగుళ్లు ఉన్నా రబ్బరు ఇనుము నుంచి విడవలేదు, రాడ్ పెట్టి నెడితే ఆట లేదు. బీమ్ దించి బుష్ నొక్కించడం పెద్ద పని. అవసరం లేకుండా దానికి దిగనక్కర్లేదు.

ఆర్మ్‌లో బుష్‌లు, బాల్ జాయింట్ విడిగా నొక్కించే పద్ధతి బజారులో ఉంది, చవక కూడా. ఈ ఆర్మ్‌కు బాల్ జాయింట్ విడదీయరాదని, పాడైతే ఆర్మ్ మొత్తం మార్చాలని సుజుకి సర్వీస్ మాన్యువల్ చెబుతుంది. దానికి కారణముంది. రేకుతో వత్తిన ఆర్మ్‌లో జాయింట్‌ను కొట్టి తీసి మళ్లీ కొట్టి ఎక్కిస్తే రంధ్రం సాగుతుంది, ఆ పట్టు మొదటిలా ఉండదు. నడుస్తుండగా బాల్ జాయింట్ ఊడితే చక్రం ఫెండర్ కిందికి మడుచుకుపోతుంది. ఆ ఒక్క భాగంలో పొదుపు చేయమని నేను ఎవరికీ చెప్పను. ఈ కారు ఎడమ ఆర్మ్‌లో జాయింటూ బుష్‌లూ అన్నీ పోయాయి గనుక ఆర్మ్ మొత్తం మార్చడం లెక్కప్రకారం కూడా సబబే.

పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే జీవితాంతం ఉంటాయట కదా అని యజమాని అడిగారు. మలుపుల్లో పోటీపడే కార్లకు వాటితో లాభం ఉంది. గతుకుల రోడ్ల మీద తిరిగే కుటుంబ కారులో అవి రబ్బరు మింగేసే కంపనాన్ని బాడీకి చేరవేస్తాయి, గ్రీజు ఆరిపోతే కిర్రుమంటాయి. వద్దన్నాను. భాగాలు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి ఈ కారు ముందు స్ట్రట్లు పెట్రోలు కారు స్ట్రట్ల కంటే వేరు. దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి, చూపుకు ఒకేలా ఉంటాయి, పెట్టె మీద నంబరు చూసి తీసుకోవాలి.

విప్పడం, బిగించడం

ముందు రోజు సాయంత్రమే తుప్పు నూనె కొట్టి వదిలినా, ఎడమ ఆర్మ్ వెనుక బోల్టు బుష్ గొట్టంలోనే తుప్పుపట్టి అతుక్కుపోయింది. నట్టు తిరుగుతుంది, బోల్టు కదలదు. వేడి చేస్తే పక్కనున్న రబ్బర్లు, వైర్లు దెబ్బతింటాయి కాబట్టి బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య బ్లేడు పెట్టి కోసి తీశాం. ఆక్వా ప్రాంతపు కార్లలో ఇది మామూలే. కొత్త బోల్టులు నట్లు ముందే తెప్పించుకోవడం, బిగించేటప్పుడు మర మీద కాకుండా గొట్టం లోపల సన్నగా గ్రీజు పూయడం నాకు అలవాటు. తర్వాత విప్పేవారికి ఆ శ్రమ తప్పుతుంది.

స్ట్రట్ విప్పే ముందు నకిల్‌కు బిగించిన రెండు బోల్టుల చుట్టూ రంగు గీతలు పెట్టాం. ఆ రంధ్రాల్లో ఉన్న కొద్దిపాటి ఖాళీ వల్లనే క్యాంబర్ కొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతుంది. బిగించేటప్పుడు రెండు వైపులా చక్రాన్ని ఒకే దిశకు నెట్టి పట్టుకుని బిగిస్తే కుడి ఎడమలు సరిపోతాయి. స్ప్రింగును కంప్రెసర్ అనే బిగింపు సాధనంతో రెండు పక్కలా సమానంగా నొక్కాలి. నొక్కిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ముప్పు, ఆ పని జరిగేటప్పుడు దానికి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వను. పై నట్టును ఎయిర్ గన్‌తో కొట్టకూడదు. రాడ్ చివర ఉన్న గాడిలో కీ పెట్టి పట్టుకుని, రింగు పానాతో చేత్తో తిప్పాలి. పాత స్ట్రట్ మీద ఉన్న ప్లేయర్ గాట్లు ఈ చిన్న ఓపిక లేకపోవడం వల్ల పడ్డవే. కొత్త స్ట్రట్లు పెట్టెలో అడ్డంగా పడుకుని వస్తాయి కనుక లోపల గాలి నూనెలో కలిసి ఉంటుంది. నిలబెట్టి కొన్నిసార్లు పూర్తిగా నొక్కి లాగితే మొదట తగిలే ఖాళీ పోయి, పట్టు సమానంగా వస్తుంది. ఆ తర్వాతే బిగించాలి.

ఆర్మ్ బోల్టులను లిఫ్ట్ మీద చేతి బిగువు వరకే బిగించి వదిలాం. మిగతా పనంతా అయ్యాక కారును నాలుగు స్తంభాల లిఫ్ట్ మీదికి నడిపి, చక్రాల మీద పూర్తి బరువు ఉండగా, ముందు కొంత, వెనుక కొంత ఊపి, సస్పెన్షన్ తన సహజమైన ఎత్తుకు సర్దుకున్నాకే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ అంకెకు బిగించాం. వెనుక షాక్ అబ్జార్బర్ల కింది బోల్టులకూ ఇదే పద్ధతి, అక్కడా అదే రకం రబ్బరు ఉంటుంది. అలాంటి లిఫ్ట్ లేని షెడ్డులోనూ ఇది అసాధ్యం కాదు. పని మొదలుకాకముందు కారు నేల మీద ఉండగా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు ఎంతుందో నాలుగు వైపులా కొలిచి రాసుకోవాలి. బాడీని గట్టి స్టాండ్ల మీద నిలిపి, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, ఆ కొలత వచ్చేవరకు ఎత్తి, అప్పుడు బిగించాలి. పట్టే సమయం పావుగంట. కొత్త బుష్ నాలుగేళ్లు ఉంటుందా, ఏడాదికే చినుగుతుందా అన్నది ఈ పావుగంటలోనే తేలిపోతుంది.

ఫలితం

పని అయ్యాక క్యాంబర్ ఎడమ మైనస్ 40 నిమిషాలు, కుడి మైనస్ 30 నిమిషాలు వచ్చింది. ముందు ఎత్తుల తేడా 2 మిల్లీమీటర్లకు తగ్గింది. టో సర్ది, స్టీరింగ్ మధ్యకు తెచ్చాక యజమానినే కూర్చోబెట్టి గన్నవరం వైపు హైవే మీద ఒకసారి, తిరిగి ఆటోనగర్ లోపలి రోడ్ల మీద ఒకసారి నడిపించాను. బ్రేకు నేరుగా పడింది. నిలబడి స్టీరింగ్ తిప్పితే మోత లేదు. అరిగిన ఎడమ ముందు టైరును, దాని జతను తీసేసి కొత్తవి వేశాం. వెనుక ఎడమ టైరు ఎత్తుపల్లాల వల్ల వచ్చే హోరు మాత్రం అలాగే ఉంది, అది టైరు మారేదాకా పోదని ముందే చెప్పాను. విడిభాగాలు, కూలీ, అలైన్‌మెంట్ కలిపి, టైర్లు కాకుండా, ఖర్చు 28,000 రూపాయల లోపు అయింది. అందులో సగానికి పైగా నాలుగు డ్యాంపర్లకే పోయింది. అంతకుముందు ఏడాదిన్నరలో ఫలితం లేకుండా పెట్టిన ఖర్చు దీనికి పెద్ద తక్కువేమీ కాదు.

వాటర్ సర్వీసింగ్ చేయించాక కింద డీజిల్ గానీ వాడేసిన ఇంజిన్ ఆయిల్ గానీ స్ప్రే చేయించవద్దని యజమానికి ప్రత్యేకంగా చెప్పాను. ఇనుము తుప్పు పట్టదని, శబ్దాలు ఆగుతాయని మన దగ్గర చాలా సర్వీసింగ్ కేంద్రాల్లో ఇది అడగకుండానే చేస్తారు. రబ్బరుకు పెట్రోలియం నూనె పడదు. నూనె తాగి ఉబ్బి, మెత్తబడి, ఇనుము నుంచి విడిపోతుంది. ఉప్పునీళ్ల ప్రాంతం నుంచి వచ్చాక కింద మంచినీళ్లతో కడిగిస్తే చాలు.

దాదాపు 20,000 కిలోమీటర్ల తర్వాత కారు మళ్లీ వచ్చింది. ముందు టైర్లు రెండూ అడ్డంగా లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఒకే లోతు చూపించాయి, క్యాంబర్ మారలేదు. ఆర్మ్ ముందు బుష్‌ల రబ్బరు మీద చీలిక లేదు, బోల్టు తల మీదా బ్రాకెట్ మీదా పెట్టిన రంగు గీత కలిసే ఉంది. వెనుక బీమ్ కుడి బుష్‌లో పగులు ఒక చోట కొంత లోతైంది, ఇంకా విడవలేదు. దాన్ని వచ్చే సర్వీసులో మళ్లీ రాడ్ పెట్టి చూడాలని, ఆట కనిపిస్తే రెండు వైపులా కలిపి మార్చాలని కారు కార్డు మీద రాసి ఇచ్చాను.